కుబ్బూస్ నేర్చిన మాట

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, ఇంజనీరింగు పట్టా, దోహాలో ఉద్యోగం, మెడలో కంపెనీ కార్డు. ఇన్ని ఉన్నవాడికి ఇంకా తెలియాల్సిందేముంటుంది? కాకినాడ నుంచి వచ్చి ఐదు నెలలు కాకుండానే గల్ఫ్ నాడి పట్టేశాననుకున్నాను. నిజానికి నాకొచ్చిన అరబిక్ మాటలు రెండే. మాఫీ అంటే లేదు. యల్లా అంటే పద, కానీ, త్వరగా. (ఈ రెంటితోనే ఖతార్‌లో ముప్పై ఏళ్లు బతికేసినవాళ్లను తర్వాత చూశాను.) రెండోది నా నోటికి ఎంతగా పట్టేసిందంటే, ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మ వంకాయ పులుసు పెట్టిన సంగతి చెబుతుంటే, తొందరగా కానిమ్మన్నట్టు 'యల్లా, యల్లా' అనేవాణ్ని. ఎల్లా పెట్టావని అడుగుతున్నాననుకుని ఆవిడ పాపం చింతపండు నానబెట్టడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేది.

ఆ మాట నాకు అంటింది మా సారు దగ్గర. హైదరాబాదు మనిషి, మా ప్లానింగ్ మేనేజరు. ఆయన నోట యల్లా లేని వాక్యం నేను వినలేదు. ఒకసారి ఎవరి తండ్రో పోయారని పరామర్శకు వెళ్లి, భుజం మీద చెయ్యేసి, "యల్లా, ధైర్యంగా ఉండు భాయ్" అన్నాడట. ఆయన కింద నేను ప్లానింగ్ ఇంజనీరుని. ఏ గోడ ఏ తేదీకి లేస్తుందో కంప్యూటరులో రంగురంగుల గీతలు గీసి చూపించడం నా పని. నా గీతల ప్రకారం లేచిన గోడ ఒక్కటీ లేదు గాని, గీతలు మాత్రం చాలా ముచ్చటగా ఉండేవి. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఐదు గడిచాయి. ఆరో నెల చివర సారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే టికెట్టు కొనిచ్చి విమానం ఎక్కిస్తారు. మా వీధిలో నాకు హారతిచ్చి మరీ పంపించిన మనుషుల మొహాలు తలుచుకుంటే, ఆరు నెలలకే తిరిగెళ్లడం అనే ఊహకే చెమటలు పట్టేవి.

అలాంటి సమయంలో సారు కుటుంబంతో సహా నెల్లాళ్లు సెలవు మీద వెళ్తూ నన్ను అల్ ముంతజాలోని తన ఫ్లాటుకు పిలిచాడు. హాల్లో ఎర్ర కార్పెట్టు మీద గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి పొట్ట ఆనించుకుని పడుకుని ఉంది. దేశం వదిలి వెళ్లిపోతున్న పక్క ఫ్లాటువాళ్లు సారుగారి పదేళ్ల పాపకు ఇచ్చి పోయారట. గుండ్రంగా, మెత్తగా ఉందని పాప దానికి కుబ్బూస్ అని ఇక్కడి రొట్టె పేరే పెట్టింది. విమానం టికెట్లు అంతకుముందే కొనేశారు, రొట్టె వెనకొచ్చింది. మేడం నన్ను కూర్చోమని కూడా అనకుండా విషయం చెప్పేసింది. "చూడు బాబూ, మేం వచ్చేసరికి ఇది బయటికెళ్లి పోసుకోవడం నేర్చుకుంటే ఇంట్లో ఉంటుంది. నేనొచ్చాక నా కార్పెట్టు మీద ఒక్క చుక్క పడినా, మర్నాడే ఎవరికో ఇచ్చేస్తాను. పాపకి కూడా చెప్పేశాను." పాప నా మొహం వంక చూసింది. సారు వాచీ వంక చూశాడు. "అరే, నువ్వు ప్లానింగ్ ఇంజనీరువి కదా భాయ్. దీనికో ప్రోగ్రాం వెయ్. ఈ నెల ఇక్కడే ఉండు. నేనొచ్చాక నీ కన్ఫర్మేషన్ లెటర్ సంగతి కూడా చూద్దాం. యల్లా." ఈ రెండు సంగతులూ ఒకే ఊపిరిలో ఎందుకు చెప్పాడో అర్థం చేసుకోలేనంత అమాయకుణ్ని కాదు. కుక్కదీ నాదీ ఒకటే ప్రొబేషన్.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం వేశాను. నిద్ర లేచుట ఆరు గంటలు. బయట మూత్ర విసర్జన ఆరూ పది. ఆహారం ఆరున్నర. ఇలా పద్నాలుగు వరసలు, వరసకో రంగు, వారానికో లక్ష్యం. ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించి, ఫోటో తీసి సారుకి పంపించాను. 'యల్లా' అని జవాబొచ్చింది. మర్నాడు సరిగ్గా ఆరూ పదికి కుబ్బూస్‌ని బిల్డింగు వెనక ఖాళీ జాగాలోకి తీసుకెళ్లాను. అది పావురాల్ని చూసింది. కారు టైరు వాసన చూసింది. ఖర్జూరం గింజ ఒకటి నోట్లో వేసుకుని, నేను లాగబోతే మింగేసింది. ఇరవై నిమిషాలు నిలబడి పైకొచ్చాక, తలుపు తెరవగానే లోపలికి పరిగెత్తి సోఫా కాలి దగ్గర పని కానిచ్చుకుంది. నేను పేపరు చుట్ట చుట్టి నేల మీద బాది, నా గొంతులో ఎంత మేనేజరు ఉన్నాడో అంతా బయటికి తీసి అరిచాను. అది చెవులు వాల్చేసుకుంది. మూడు రోజులు అలా అరిచాక హాల్లో మడుగులు కనిపించడం మానేశాయి. 'పురోగతి సంతృప్తికరం' అని చార్టులో ఆకుపచ్చ రంగు వేశాను. (ఏది కనిపించకపోతే అది జరగలేదని రాసుకోవడం ఆఫీసులో కూడా నా పద్ధతే.)

ఆరో రోజున కాకా వచ్చాడు. కాకా మా ఆఫీసులో ఆఫీస్ బాయ్. అంటే, ఆయన వయసు యాభై రెండు, ఊళ్లో మనవరాలు కూడా ఉంది, అయినా కంపెనీ కార్డు మీద బాయ్ అనే ఉంటుంది. జగిత్యాల వైపు మనిషి. ఇరవై ఏళ్లు సైట్లలో సిమెంటు బస్తాలు మోసి, నడుం పట్టేశాక టీ కలపడానికి పైకొచ్చాడు. బర్వా అల్ బరాహాలో, కార్మికుల క్యాంపులో ఉండేవాడు. సారు సెలవు మీద వెళ్తే ఇంట్లో మొక్కలకు నీళ్లు పొయ్యడం ఆయన డ్యూటీ. ఆ డ్యూటీ ఏ కాగితంలోనూ ఉండదు. మా నాన్న ఈడు మనిషిని అప్పట్లో నేను నువ్వు అనేవాణ్ని, ఆయన నన్ను సారూ అనేవాడు. ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి. ఆ రోజు కాకా తలుపు దగ్గరే ఆగి ముక్కు ఎగబీల్చాడు. సోఫా ముందుకు జరిపాడు. దాని వెనక, తర్వాత మంచం కింద, తర్వాత పాప పుస్తకాల అలమర మూల, నా ఆరు రోజుల పురోగతి అంతా చారలు చారలుగా ఎండి ఉంది.

"కొట్టినవా సారు?" అన్నాడు.

"కొట్టలేదు కాకా, అరిచానంతే."

"అరిస్తె ఉచ్చ ఆగదు సారు. దాసుకుంటది. నువ్వు సూడంగ పోస్తె తప్పనుకున్నది గని, ఇంట్ల పోస్తె తప్పని దానికెట్ల తెలుస్తది? నువ్వు పక్కన నిలవడితె ఇగ బయట గూడ పొయ్యది."

నేను చార్టు చూపించాను. కాకా దాన్ని గోడ మీద దేవుడి పటాన్ని చూసినంత మర్యాదగా చూశాడు. తర్వాత ఫ్రిజ్ తెరిచి లోపల వెనిగర్ ఉందేమో వెతికాడు. మచ్చలన్నీ వెనిగర్ నీళ్లతో తుడుస్తూ, వాసన పోకపోతే అది మళ్లీ అక్కడికే వస్తుందని చెప్పాడు. "టైము దానిది సారు, నీది గాదు. లేవంగనే ఒకసారి, తిన్నంక ఒకసారి, ఆడినంక ఒకసారి. నడుమల రెండు గంటలకోసారి. రోజు ఒక్కటే జాగ. పోసినంక ఎంటనే బిస్కిట్ ముక్క. ఇంట్ల పోస్తె ఏమనకు, తుడిసి ఊకో. గంతే." ఇవన్నీ నీకెవరు నేర్పారని అడిగాను. కుక్కలను పెంచిన మనిషేమో అనుకున్నాను. కాకా గుడ్డ పిండుతూ నవ్వాడు. "నాకు గిట్లనే నేర్పిండ్రు సారు. నేను కొత్తగ వచ్చినప్పుడు క్యాంపుల పదకొండు మందికి ఒక్కటే బాత్రూం. నాది పొద్దుగాల నాలుగున్నర నంబర్. నాలుగూ నలభైకి ఇంకొకలు తలుపు గుద్దుతుండె. మొదటి వారం రాకనే పోయింది. సైట్ల ఫోర్మన్ టైముకే పోవాలె, లేకుంటె అరుసుడే. మేం గూడ దాసుకున్నం, పిల్లర్ల ఎన్క. నెలకు ఒళ్లే నేర్సుకున్నది. ఇప్పుడు లీవు మీద ఇంటికి పోయినా నాలుగున్నరకే లేస్త. మా ఊరోళ్లకు గల్ఫంత దుబాయే. ఇరవై ఏండ్లు దుబాయ్‌ల ఉండి గిదేనా నేర్సుకున్నదని మా ఇంటామె నవ్వుతది."

నేను కూడా నవ్వాను. అది నవ్వాల్సిన మాట కాదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆ మర్నాటి నుంచి చార్టు తిరగేసి దాని వెనక కాకా చెప్పింది రాసుకున్నాం. ఆఫీసు నడిచివెళ్లేంత దూరం. సారు లేడు కాబట్టి పదింటికి నేను జారుకునేవాణ్ని, పన్నెండింటికి కాకా, రెండింటికి మళ్లీ నేను. సాయంత్రం క్యాంప్ బస్సు వచ్చేదాకా ఇద్దరం ఆ ఖాళీ జాగాలో నిలబడేవాళ్లం, కుబ్బూస్ మమ్మల్ని అస్సలు పట్టించుకోకుండా చీమల్ని లెక్కపెడుతుండేది. నేను ఐదు నిమిషాలకోసారి ఫోను చూసుకుంటే కాకా మాత్రం తాడు పట్టుకుని అలా నిలబడిపోయేవాడు. ఒకసారి నలభై నిమిషాలు నిలబడ్డాం. నలభై ఒకటో నిమిషంలో అది కూర్చుని పోసింది. కాకా బిస్కెట్టు ముక్క పెట్టి, "శభాష్ బిడ్డా" అన్నాడు. ఐదు నెలల్లో ఆ కంపెనీలో ఎవరైనా ఎవరినైనా శభాష్ అనగా వినడం అదే మొదటిసారి.

అప్పుడు చెప్పాడు కాకా అసలు కిటుకు. "ఒక్క మాట వెట్టుకో సారు. అది పోసేటప్పుడు రోజు గదే మాట అనాలె. మల్ల ఆ మాటంటె చాలు, పోస్తది. గని ఇంట్ల ఎవ్వలు అనని మాట వెట్టాలె." సుస్సు అని తేల్చేశాడు ఆయనే. మంచి మాటే. కాని మా ఖాళీ జాగా వైపు నాలుగంతస్తుల బాల్కనీలున్నాయి. మొదటి అంతస్తులో గుంటూరు కుటుంబం ఒకటి ఉంది, ఆ ఇంట్లో నా ఈడు అమ్మాయి ఒకతి బట్టలు ఆరేస్తుంటుంది. ఇంజనీరింగు పట్టా ఉన్న మగవాడు నడి జాగాలో నిలబడి 'సుస్సు, సుస్సు' అంటాడా? నేను మెడ నిటారుగా పెట్టి, ఈ దేశంలో ఉండేవాడికి తగిన మాట ఒకటి ఎంచాను. యల్లా.

"గది అందరు అనేదే గద సారు," అన్నాడు కాకా.

"ఇంట్లో ఉండేది నేనొక్కణ్నే కదా కాకా. నేను లోపల అనను, బయటే అంటాను. సరిపోదూ?"

కాకా తాడు చేతికి చుట్టుకున్నాడు. "నీ ఇష్టం సారు," అన్నాడు. పెద్దవాళ్లు నీ ఇష్టం అన్నారంటే ఆగి ఆలోచించాలని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. అప్పట్లో నాకు అమ్మ చెప్పినవి గుర్తుండేవి కావు. ఇంట్లో ఉండేది నేనొక్కణ్నేనన్నది నిజమే. ఆ ఇల్లు నాది కాదన్న చిన్న సంగతే మరిచిపోయాను.

యల్లా అద్భుతంగా పనిచేసింది. మూడో వారానికి కుబ్బూస్ తలుపు దగ్గరికెళ్లి కూర్చుని నా వంక చూసేది. కిందికి తీసుకెళ్లి యల్లా అంటే చాలు, చేస్తున్న పని ఏదైనా వదిలేసి కూర్చుని పోసేది. నా మాట విని, నేను చెప్పిన టైముకి, చెప్పిన చోట పని పూర్తిచేసిన ప్రాణి నా వృత్తి జీవితంలో అదొక్కటే. గుంటూరు అమ్మాయి కూడా బాల్కనీలోంచి చూసి ముచ్చటపడింది. (ముచ్చట కుక్క మీదే అని ఆమె తర్వాత ఖరారుగా చెప్పింది.) వరసగా పదకొండు రోజులు ఇంట్లో చుక్క పడలేదు. నా లెటర్ మీద సారు సంతకం నాకప్పుడే కనిపించసాగింది.

సారువాళ్లు శుక్రవారం మధ్యాహ్నం దిగారు. కార్పెట్టు దులిపి, మొక్కలకు నీళ్లు పోసి, కుబ్బూస్ మెడకు పాప ఇష్టపడే నీలం రిబ్బను కట్టి, నేనూ కాకా హాల్లో నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. ముందు పాప పరిగెత్తుకొచ్చింది. వెనక మేడం. ఆ వెనక రెండు చేతుల్లో రెండు పెట్టెలతో సారు. "యల్లా, యల్లా, లోపలికి నడవండి," అన్నాడు.

పాప ఒళ్లోకి ఎగరబోతున్న కుబ్బూస్ ఠక్కున ఆగింది. ఒకసారి సారు వంక చూసింది. తర్వాత బాధ్యత తెలిసిన ఉద్యోగిలా కార్పెట్టు నడిమధ్యకు నడిచి, కూర్చుని, తీరిగ్గా పోసింది. పోసి, తోక ఊపుతూ నా వంక చూసింది. అక్కడైనా నేను ఊరుకోవాల్సింది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి బిస్కెట్టు ముక్క తీసి దాని నోట్లో పెట్టింది. నెల్లాళ్లలో దానికి ఎంత అలవాటైందో నాకూ అంతే అలవాటైంది. మేడం ఆ బిస్కెట్టునీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"క్యా హై యే? తియ్ దాన్ని, యల్లా," అని సారు కేకేశాడు. కుబ్బూస్ మళ్లీ కూర్చుంది.

"సరే," అంది మేడం. గొంతు పెంచలేదు. "అనుకున్నట్టే చేద్దాం. రేపు ఎవరినైనా చూడండి." పాప ఏడవలేదు. వెళ్లి తడి పక్కనే కార్పెట్టు మీద కూర్చుని కుబ్బూస్ రిబ్బను ముడి సరిచెయ్యడం మొదలుపెట్టింది. ఆ చిన్న వేళ్లు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి. జరిగిందేమిటో ఆ గదిలో తెలిసినవాళ్లం ఇద్దరం. నేనేం చేశానో దాచకుండా చెబుతాను. లెక్క వేసుకున్నాను. కుక్క పోతే కుక్క ఒక్కటే పోతుంది, నోరు విప్పితే నేనూ పోతాను, అని. సోఫా వెనక దాక్కుని పోసే విద్య కుబ్బూస్ మానేసింది గాని నేను మానలేదు.

"దాని తప్పు లేదు మేడం," అన్నాడు కాకా. ఇన్నేళ్లలో ఆ ఇంటివాళ్లు అడక్కుండా ఆయన మాట్లాడటం అదే మొదటిసారేమో, అందరూ తిరిగి చూశారు. "అది చెప్పిన పనే చేసింది. మాట తప్పు." అంతవరకే చెప్పి నా వంక చూశాడు. ఎవరు ఎంచిన మాటో చెప్పలేదు. ఆ మిగిలిన ముక్క నాకోసం వదిలిపెట్టాడు. అప్పుడిక నా నోరు తెరుచుకుంది.

"యల్లా అంటే పొయ్యాలని నేనే నేర్పానండి," అన్నాను. కుబ్బూస్‌లో ఇంకేమీ మిగల్లేదు. అయినా పాపం కూర్చుని ప్రయత్నించింది.

 ముందు మేడం భుజాలు కదిలాయి. కోపమనుకున్నాను. ఆవిడ సోఫాలో కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "పన్నెండేళ్లుగా ఆ మాట నేనూ వింటున్నాను," అంది సారుతో. "విన్నప్పుడల్లా నాకూ ఏదో ఒకటి చెయ్యాలనే ఉంటుంది. దీనికున్న ధైర్యం నాకు లేదు."

తీర్పు అక్కడికక్కడే వచ్చింది. కుక్కకు ఇంకో నెల గడువు. ఆ నెలంతా ఇంట్లో సారు ఆ మాట అనకూడదు. రోజూ సాయంత్రం వచ్చి కొత్త మాట నేర్పే పని నాది. నా ప్రొబేషను మూడు నెలలు పొడిగించారు. కాగితం మీద కారణం రాశారు: మాటల ఎంపికలో మెరుగుపడాలి. అంత న్యాయమైన కంపెనీ కాగితం నేను మళ్లీ చూడలేదు. కొత్త మాట ఏం పెట్టాలని మేడం కాకాని అడిగింది. ఈసారి నేను సలహా ఇవ్వలేదు. కాకా గడ్డం గోక్కుని, ఈ ఇంట్లో గాని, ఆఫీసులో గాని, సైటులో గాని ఇన్నేళ్లలో ఎవ్వరూ అనగా తను వినని మాట ఒకటుందన్నాడు.

"తొందరేం లేదు."

సారు మొహం చూడవలసిందే. ఆయన ఒప్పుకోక తప్పలేదు, ఎందుకంటే ఆ మాట తన నోట ఎప్పుడూ రాలేదని ఆయనకూ తెలుసు. ఆ నెలంతా ఆయన ఇంట్లో 'య...' అని నోరు తెరిచి, మేడం కళ్లు చూసి, మూసేవాడు. ఇంట్లో మిగిలిపోయిన యల్లాలన్నీ తెచ్చి ఆఫీసులో మా మీద కుమ్మరించేవాడు. తొందరపెట్టేవాళ్లు లేక పాప మాత్రం ఆ నెల అన్నం నమిలి తినేదని మేడం చెప్పింది. నేనూ కాకా ఖాళీ జాగాలో నిలబడి కుక్కతో తొందరేం లేదు, తొందరేం లేదు అంటుంటే, ముందు మాకే కొత్తగా ఉండేది. కుబ్బూస్ మూడు వారాల్లో నేర్చుకుంది. నేల మీద మళ్లీ చుక్క పడలేదు. పడే అవకాశం కూడా లేదు, ఆ ఇంట్లో పొరపాటునైనా ఆ మాట అనేవాళ్లెవరు?

ఇదంతా జరిగి పన్నెండేళ్లయింది. సారువాళ్లు కుబ్బూస్‌ని తీసుకుని హైదరాబాదు వెళ్లిపోయారు. కాకా కూడా కంపెనీ వీసా ముగించుకుని ఊరికి పోయిండు. (ఆ ఒక్క క్రియ ఆయన భాషలోనే రానివ్వండి.) నేను ఇప్పుడు అల్ వక్రాలో భార్యాబిడ్డలతో ఉంటాను, కంపెనీలో సారు కుర్చీలో కూర్చుంటాను. ఆ కుర్చీతో పాటు ఆ మాట కూడా వస్తుందని ఎవరూ చెప్పలేదు. మా వాడు బూట్లు వేసుకుంటుంటే యల్లా, మా ఆవిడ (గుంటూరు అమ్మాయి కాదు, ఆమె మంచి తెలివైనది) కాఫీ వడపోస్తుంటే యల్లా. మా ఆఫీసులో ఇప్పుడున్న టీ మనిషికి కూడా యాభై దాటాయి, ఆయన కార్డు మీద కూడా బాయ్ అనే ఉంది. మార్పించాలని నేననుకుని ఏడాదైంది. నా గీతలు ఇప్పటికీ ముచ్చటగానే ఉన్నాయి.

మొన్న కాకాకి ఫోను చేశాను. సెలవుకి వచ్చినప్పుడు జగిత్యాల వస్తానని నాలుగేళ్లుగా చెబుతున్నాను, ఈసారి కూడా కుదరడం లేదని చెప్పడానికి చేశాను. మీటింగుకి వెళ్తూ నడుస్తూనే మాట్లాడుతున్నాను. ఈసారి కూడా రాలేకపోతున్నానండి, వచ్చే ఏడు తప్పకుండా, అదీ ఇదీ అని గబగబా సంజాయిషీలు చెప్పుకుపోతున్నాను. కాకా అన్నీ విన్నాడు. ఒకప్పుడు తాడు పట్టుకుని నలభై నిమిషాలు నిలబడ్డట్టే విన్నాడు.

"తొందరేం లేదు సారు," అన్నాడు. "నిమ్మళంగ రా."

కారిడార్‌లో ఆగిపోయాను. నాతో ఆ మాట ఎవరైనా అని ఎన్నేళ్లయిందో లెక్క తేలలేదు. నాకు తెలియకుండానే తడి అయింది. (కంగారుపడకండి, కళ్లే. మిగతాదంతా ఇంకా శిక్షణలోనే ఉంది.)